గుసగుస సింహం

మా ఇంట్లో సింహం కూడా
గుసగుసగానే గర్జిస్తుంది.

పక్క గదిలో వాళ్ల నాన్న.
కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి
తెల్లారి ఏడింటికొచ్చి
కిటికీకి దుప్పటి కట్టి పగటిని బయటే ఆపినవాడు.
మధ్య గోడ అట్టముక్కంత పల్చన.
అందుకే బెండిగోలో మా బడికి గంట లేదు,
ఒప్పజెప్పడాలు లేవు,
ఎక్కాలు కూడా పెదాల మీదే.

లైబ్రరీ సంచీ బోర్లిస్తే పద్దెనిమిది పుస్తకాలు.
ఒకదాని అట్ట మీద ఎవరివో పాలపళ్ల గాట్లు.
శర్వాణి ఆరేళ్ల వేలు అక్షరాల కింద పాకుతుంది,
నిహాల్ నాలుగేళ్ల వేలు బొమ్మలోకే దూరిపోతుంది.
అది ఇంగ్లీషులో చదువుతుంది,
నేను తెలుగులో చెబుతాను,
వాడు రెండిటికీ మధ్య ఎక్కడో కూచుని వింటాడు.
వాంబాట్‌ని మనం ఏమనాలమ్మా?
నాకేం తెలుసు, మా వైపు అది లేదుగా.
ఇద్దరూ బల్ల కింద సమావేశమై
పేరు పట్టుకొచ్చారు:
బొరియ బాబాయి.

పదకొండింటికి పెరట్లోకి.
గొడుగు ఊచల్లా విచ్చుకున్న బట్టల స్తంభం,
దాని నీడ చుట్టూ కాంక్రీటు మీద సుద్దగీత.
గంట తిరిగేసరికి నీడ గీత దాటి పారిపోతుంది.
ఎవరు తోశారు? అంటాడు వాడు.
భూమి తిరిగింది, అంటుంది అక్క.
తిరిగితే నేను పడిపోనూ?
కూకబర్రా ఒకటి తీగ మీద వాలి
పగలబడి నవ్వుతుంది.
శర్వాణి దానికేసి చూసి పెదాల మీద వేలు పెట్టుకుని
ష్... నాన్న, అంటుంది.

తాలింపుతోనే పెద్ద చిక్కు.
ఆవాలకి గుసగుస చేతకాదు.
గబుక్కున మూత వేస్తాను.
మూత కింద చప్పుడు ఎక్కడికి పోతుందమ్మా?
ఆ రోజంతా మా సైన్సు అదే.
దిండు కింద గడియారం,
దుప్పట్లో చుట్టిన గడియారం,
బియ్యం డబ్బాలో గడియారం.
బియ్యం గెలిచింది.
రాత్రి అన్నంలో వాడు టిక్ టిక్ కోసం వెతికాడు.

విద్యాశాఖ కాగితం
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వారంగా వేలాడుతోంది.
గణితానికి ఎన్ని గంటలు, భాషకి ఎన్ని.
ఒక గడిలో రాసి, కొట్టేసి,
బొరియ బాబాయి ఏ గడిలోకి వస్తాడో తేలక
పెన్నుకి మూత పెట్టేశాను.
నాకు భయం లేదనను.
ఇంత మెల్లగా మాట్లాడే పిల్లలు
రేపు ఎవరికి వినపడతారు?

నిన్న ఆదివారం.
నాన్న పగలు మేలుకుని ఉన్నాడు.
ఇద్దర్నీ చెరో తొడ మీద కూచోబెట్టుకుని
సింహం పుస్తకం తీశాడు.
గర్జించే పేజీ రాగానే
ఇల్లంతా అదిరేలా గర్జించాడు.
నిహాల్ చెవులు మూసుకున్నాడు.
శర్వాణి మాత్రం ఓపిగ్గా, టీచరమ్మలా,
అలా కాదు నాన్నా, సింహం ఇలా, అని
అతని చెవిలో వెచ్చగా ఊదింది
ఒక చిన్న గుర్ర్.

కాసేపు అతనేం మాట్లాడలేదు.
తర్వాత పుస్తకం మూసేసి
మిగతా కథంతా చూడకుండా చెప్పుకుపోయాడు,
సింహానికి జలుబు చేయడం,
తేనె కోసం కొండ దిగడం,
నేనెక్కడ ఆగి దగ్గుతానో ఆ దగ్గుతో సహా.
గోడ పల్చనని చెప్పానుగా.
మళ్లీ తెరిచి, బొమ్మ చూసి,
పసుపా! అన్నాడు.
ఇన్నాళ్లూ నేను నీలం అనుకున్నానే.

లైబ్రరీ పుస్తకంలో రంగు వేయకూడదని వాళ్లకి తెలుసు.
చేతికందిన కాగితం వెనక వేశారు
నీలి జూలు, నీలి తోక,
కళ్లు మూసుకుని వింటున్న సింహం.
తిప్పి చూద్దును కదా, ఫారం.

ఇంకోటి పంపమని రేపు ఫోన్ చేయాలి,
పెరట్లోంచి,
గొంతు తగ్గించి.